కొత్త కంప్యూటర్‌లో ప్రాసెసర్, మదర్‌బోర్డు ఉష్ణోగ్రతలు

ప్రాసెసర్ ఉష్ణోగ్రత అంటే ఆ చిప్పు లోపలే అమర్చిన సెన్సార్లు చూపే వేడి. మదర్‌బోర్డు ఉష్ణోగ్రత అంటే బోర్డు మీద వేర్వేరు చోట్ల ఉన్న సెన్సార్లు చూపే వేడి. విడిభాగాలు కొని కొత్తగా బిగించిన కంప్యూటర్‌లో కూలర్ సరిగా కూర్చుందా, క్యాబినెట్‌లో గాలి ఆడుతోందా, బోర్డు ప్రాసెసర్‌కు ఎంత కరెంటు వదులుతోంది అన్న మూడు సంగతులకూ ఇవే మొదటి సాక్ష్యం. అయితే ఉష్ణోగ్రత అంకెను విడిగా చూస్తే ఏదీ తేలదు. గది ఎంత వేడిగా ఉంది, ప్రాసెసర్ ఎన్ని వాట్లు వాడుతోంది, ఎంత వేగంతో నడుస్తోంది అన్న మూడింటితో కలిపి చదివితేనే అది మంచిదో చెడ్డదో చెప్పవచ్చు.

ఈ వ్యాసంలో ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ డిగ్రీలలో ఉన్నాయి. ఉదాహరణలు హైదరాబాద్‌లోని జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతపు ఎడిటింగ్, గ్రాఫిక్స్ పనులకు సంబంధించినవి.

సినిమా పనిలో కంప్యూటర్

తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాద్‌కు తరలివస్తున్న కాలంలో, 1975లో, అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్‌ను స్థాపించారు. తరువాతి దశకాల్లో ఫిల్మ్ నగర్ కొండ మీద రామానాయుడు స్టూడియోస్ వెలిసింది. ఫిల్మ్ ఛాంబర్ కార్యాలయం, దాని చుట్టూ ఎడిటింగ్ గదులు, డబ్బింగ్ థియేటర్లు, గ్రాఫిక్స్ సంస్థలు వచ్చాయి. మూవియోలా మీద ఫిల్మును కోసి అతికించిన రోజుల్లో ఎడిటర్‌కు చిప్పుల వేడితో పని లేదు. ఎడిటింగ్, రంగుల దిద్దుబాటు, విజువల్ ఎఫెక్ట్స్ అన్నీ కంప్యూటర్ మీదికి వచ్చాక పరిస్థితి మారింది. 2012లో విడుదలైన ‘ఈగ’లో టైటిల్ పాత్రే కంప్యూటర్‌లో పుట్టింది. ఆ సినిమా పనికి హైదరాబాద్‌లోని మకుట వీఎఫ్‌ఎక్స్ సంస్థకు 60వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ అవార్డు దక్కింది.

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్క నిమిషం గ్రాఫిక్స్ షాట్ అంటే 1,440 బొమ్మలు. ఒక్కో బొమ్మను కంప్యూటర్ లెక్కగట్టి తయారుచేయడమే రెండర్. సాయంత్రం రెండర్ పెట్టి వెళ్తే తెల్లవారేదాకా ప్రాసెసర్‌లోని కోర్లన్నీ పూర్తి సామర్థ్యంతో నడుస్తూనే ఉంటాయి. ఆఫీసు పనిలో ప్రాసెసర్ ఎక్కువ సేపు ఖాళీగా ఉంటుంది. ఆటల్లో భారం క్షణక్షణానికీ మారుతుంది. రెండర్‌లో మాత్రం భారం గంటల తరబడి తగ్గదు. అందుకే ఈ పనికి వాడే యంత్రాన్ని మొదటి ఐదు నిమిషాల అంకెతో కాక, వేడి పూర్తిగా స్థిరపడ్డాక కనిపించే అంకెతో అంచనా వేయాలి.

సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరి వాడుకలో సీటీసీలో, విడిభాగాలు కొని యంత్రం బిగించుకోవడం నగరంలో మామూలు. ఇలా అసెంబుల్ చేసిన యంత్రంలో ప్రాసెసర్ ఒక కంపెనీది, కూలర్ మరొకరిది, క్యాబినెట్ ఇంకొకరిది. ఈ కలయికను ఏ కర్మాగారమూ ముందుగా పరీక్షించి ఉండదు. ఆ పరీక్ష కొన్నవారే చేసుకోవాలి.

వేడి ఎలా పుడుతుంది

ప్రాసెసర్‌లోని ట్రాన్సిస్టర్లు సెకనుకు వందల కోట్ల సార్లు స్థితి మార్చుకుంటాయి. మార్పు జరిగిన ప్రతిసారీ కొంత విద్యుత్తు ఖర్చవుతుంది. ఈ ఖర్చు క్లాక్ వేగానికి అనులోమంగా, వోల్టేజీ వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. పనిచేయని ట్రాన్సిస్టర్లలోంచి కూడా కొంత కరెంటు కారుతూ ఉంటుంది. చిప్పు వేడెక్కిన కొద్దీ ఆ కారుడు ఎక్కువవుతుంది. ప్రాసెసర్ వాడుకొన్న విద్యుత్తంతా చివరకు వేడిగానే బయటకు వస్తుంది. 200 వాట్లు వాడే ప్రాసెసర్ అంటే 200 వాట్ల హీటరే.

ఇంటెల్ కోర్ ఐ9-13900కె ప్రాథమిక విద్యుత్ పరిమితి 125 వాట్లు, గరిష్ఠ టర్బో పరిమితి 253 వాట్లు. ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్ టీడీపీ 170 వాట్లు, సాకెట్ నుంచి తీసుకోగల గరిష్ఠం 230 వాట్లు. డబ్బా మీద అచ్చయిన తక్కువ అంకెను చూసి కూలర్ కొంటే చాలదని ఈ తేడా చెబుతుంది.

వాట్ల మొత్తం కంటే అవి ఎంత చోటులో పుడుతున్నాయన్నది మరీ ముఖ్యం. 13900కె చిప్పు వైశాల్యం సుమారు 257 చదరపు మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది. దాని మీద 253 వాట్లు అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 100 వాట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె అడుగు రేకు మీద అదే లెక్క ఐదారు వాట్లకు మించదు. అందువల్లే ఎంత పెద్ద కూలర్ పెట్టినా చిప్పులో భారం పడిన క్షణంలోనే ఉష్ణోగ్రత ముప్ఫై నలభై డిగ్రీలు ఎగబాకుతుంది. వేడి చిప్పు దాటి కూలర్‌ను చేరేలోపే ఈ పెరుగుదల జరిగిపోతుంది. కొత్త యంత్రం కొన్నవారిని మొదట భయపెట్టేది ఇదే. ఇది లోపం కాదు.

వేడి బయటకు వెళ్లే దారి

చిప్పులో పుట్టిన వేడి మొదట దాని మీది లోహపు మూతకు, అక్కడి నుంచి థర్మల్ పేస్ట్ ద్వారా కూలర్ అడుగుకు, ఆపైన రేకులకు, ఫ్యాన్ తోలే గాలికి, క్యాబినెట్ బయటి గదిలోకి, ఆఖరుకు ఏసీ ద్వారా భవనం బయటకు చేరుతుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డు వచ్చినా దాని వెనుక ఉన్నవన్నీ వేడెక్కుతాయి.

ప్రాసెసర్ మూత, కూలర్ అడుగు కంటికి నున్నగా కనిపించినా వాటి మధ్య సన్నని గాలి ఖాళీలుంటాయి. రాగి ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి సుమారు 400 వాట్లు అయితే గాలిది 0.026 మాత్రమే. మంచి థర్మల్ పేస్ట్ వాహకత ఈ రెంటి నడుమ, పది లోపో పది పైనో ఉంటుంది. లోహంతో పోలిస్తే పేస్ట్ వాహకత చాలా తక్కువ, గాలితో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి పేస్ట్ ఖాళీలను నింపేంత పలుచగా ఉండాలి, మందపాటి పొరగా మిగలకూడదు.

ఈ దారి మొత్తాన్ని ఒక్క అంకెతో చెప్పవచ్చు. ప్రాసెసర్ ఉష్ణోగ్రత నుంచి గది ఉష్ణోగ్రతను తీసివేసి, వచ్చినదాన్ని వాట్లతో భాగిస్తే ఉష్ణ నిరోధం వస్తుంది. గది 25 డిగ్రీలు, ప్రాసెసర్ 75 డిగ్రీలు, వాడకం 150 వాట్లు అయితే నిరోధం వాటుకు 0.33 డిగ్రీ. ఫ్యాన్ వేగం మారనంతవరకూ ఈ అంకె పెద్దగా మారదు. గది 38 డిగ్రీలైతే అదే భారం వద్ద ప్రాసెసర్ 88 డిగ్రీలకు చేరుతుందని ముందే లెక్కగట్టవచ్చు.

ఎత్తుకు కూడా కొంత పాత్ర ఉంది. హైదరాబాద్ సగటున సముద్రమట్టానికి 540 మీటర్ల పైన ఉంది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ కొండలు అంతకంటే ఎత్తు. ఇక్కడి గాలి సాంద్రత విశాఖపట్నం తీరంలో కంటే ఆరేడు శాతం తక్కువ. అదే వేగంతో తిరిగే ఫ్యాన్ ఇక్కడ ఆ మేరకు తక్కువ వేడిని మోసుకుపోతుంది. తేడా కొద్దిదే గానీ, చలిదేశపు తీరనగరంలో చేసిన పరీక్షా ఫలితం ఇక్కడి గదిలో అచ్చంగా రాకపోవడానికి అదీ ఒక కారణం.

సెన్సార్లు ఏం చెబుతాయి

ప్రాసెసర్‌లోని ప్రతి కోర్ దగ్గరా డిజిటల్ ఉష్ణ సెన్సార్ ఉంటుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో అది నేరుగా ఉష్ణోగ్రతను చెప్పదు. గరిష్ఠ పరిమితికి ఇంకా ఎన్ని డిగ్రీల దూరం ఉందో చెబుతుంది. పరిమితి 100 అనుకుంటే, సెన్సార్ 40 దూరం చూపినప్పుడు సాఫ్ట్‌వేర్ 60 అని తెరమీద వేస్తుంది. ఈ సెన్సార్లను పరిమితి దగ్గర సరిగా చూపేలా సరిచేస్తారు. కింది ఉష్ణోగ్రతల్లో ఐదారు డిగ్రీల తేడా ఉండవచ్చు. ఖాళీగా ఉన్న ప్రాసెసర్ ఒక కోర్‌లో 31, పక్క కోర్‌లో 37 చూపితే పట్టించుకోనక్కరలేదు. పూర్తి భారంలో కోర్ల మధ్య పది డిగ్రీల వరకు తేడా ఉండటం కూడా సాధారణమే.

ఏఎండీ ప్రాసెసర్లలో ఫ్యాన్ నియంత్రణకు వాడే అంకె, చిప్పు అసలు ఉష్ణోగ్రత వేరువేరుగా ఉన్న సందర్భాలున్నాయి. 2017 నాటి రైజెన్ 7 1800ఎక్స్‌లో నియంత్రణ అంకె అసలు వేడి కంటే 20 డిగ్రీలు ఎక్కువగా కనిపించేది. తరువాతి తరాల్లో ఆ తేడా పోయింది గానీ, పాత సాఫ్ట్‌వేర్‌తో కొత్త చిప్పును చదివితే తప్పుడు అంకెలు రావడం ఇప్పటికీ ఉంది.

బయోస్ తెరలో కనిపించే ప్రాసెసర్ ఉష్ణోగ్రత విండోస్‌లో ఖాళీగా ఉన్నప్పటి కంటే ఎక్కువగా ఉంటుంది. బయోస్‌లో విద్యుత్ పొదుపు స్థితులు పనిచేయవు కాబట్టి ప్రాసెసర్ నిద్రలోకి జారదు. అక్కడ 45, 50 కనిపించినంత మాత్రాన కూలర్ తప్పుగా బిగిసిందని అనుకోకూడదు.

ప్రాసెసర్ ఉష్ణ పరిమితులు

తయారీదారు ప్రతి ప్రాసెసర్‌కూ ఒక గరిష్ఠ ఉష్ణోగ్రతను నిర్ణయిస్తాడు. ఇంటెల్ కోర్ ఐ9-13900కె, 14900కె లకు అది 100 డిగ్రీలు, కోర్ అల్ట్రా 9 285కె కు 105. ఏఎండీ రైజెన్ 9 5950ఎక్స్ కు 90, 7950ఎక్స్ కు 95, రైజెన్ 7 7800ఎక్స్‌3డి కి 89. ఎక్స్‌3డి రకంలో చిప్పు మీద అదనపు క్యాష్ పొర పేర్చి ఉంటుంది కాబట్టి ఆ పరిమితిని తగ్గించారు. అందువల్ల 88 డిగ్రీలన్న ఒకే అంకె ఒక ప్రాసెసర్‌లో అంచు, మరొకదానిలో నిశ్చింత.

పరిమితిని తాకగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం, వోల్టేజీ తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. అప్పటికీ వేడి పెరిగితే యంత్రం ఆగిపోతుంది. ఈ రక్షణ అన్ని కాలాల్లోనూ లేదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ పత్రిక నడుస్తున్న ప్రాసెసర్ల మీది నుంచి కూలర్ తీసి చూసింది. అప్పటి ఏఎండీ అథ్లాన్ క్షణాల్లో కాలిపోగా ఇంటెల్ పెంటియం 4 వేగం తగ్గించుకొని నడిచింది. నేటి ప్రాసెసర్లన్నిటిలో ఆ రక్షణ ఉంది. అయితే రెండర్ చేసేవారికి కాలిపోవడం కాదు, నెమ్మదించడమే అసలు నష్టం.

ఇక్కడ ప్రాసెసర్లను రెండు రకాలుగా విడదీసి చూడాలి. మొదటి రకంలో విద్యుత్ పరిమితి ముందుగా అడ్డు వస్తుంది. 65 వాట్ల ప్రాసెసర్‌కు మంచి కూలర్ ఉంటే అది తన ఉష్ణ పరిమితి దాకా వెళ్లదు. గది వేడెక్కితే ప్రాసెసర్ కూడా అన్ని డిగ్రీలే వేడెక్కుతుంది, వేగం మారదు. రెండో రకంలో ఉష్ణ పరిమితే అడ్డు. 2022లో రైజెన్ 7000 వరుసను విడుదల చేసినప్పుడు, పూర్తి భారంలో 95 డిగ్రీలకు చేరి అక్కడే నడవడం తమ రూపకల్పనలో భాగమని ఏఎండీ ప్రకటించింది. ఇలాంటి ప్రాసెసర్‌లో ఉష్ణోగ్రత అంకె జనవరిలోనూ మేలోనూ 95గానే ఉంటుంది. మారేవి వాట్లు, వేగం.

ఒక 7950ఎక్స్ 25 డిగ్రీల గదిలో 230 వాట్ల వద్ద సరిగ్గా 95 డిగ్రీలకు చేరిందనుకుంటే దాని ఉష్ణ నిరోధం వాటుకు 0.304. ఏసీ ఆపేసిన 38 డిగ్రీల గదిలో పరిమితికి మిగిలేది 57 డిగ్రీలే. వాటిని 0.304తో భాగిస్తే 187 వాట్లు వస్తాయి. అంటే తెరమీద అదే 95 కనిపిస్తున్నా ప్రాసెసర్ 43 వాట్ల శక్తిని వదులుకుంది. వేగంలో తగ్గుదల అంత ఉండదు. వోల్టేజీ వర్గంగా లెక్కలోకి వస్తుంది కాబట్టి కొద్ది శాతం వేగం తగ్గించుకుంటేనే చాలా వాట్లు మిగులుతాయి. రాత్రంతా నడిచే రెండర్‌లో ఆ కొద్ది శాతమే తెల్లవారేసరికి షాట్ సిద్ధంగా ఉంటుందా లేదా అన్నది తేలుస్తుంది.

మదర్‌బోర్డు ఉష్ణోగ్రతలు

మదర్‌బోర్డుకు ఒకే ఉష్ణోగ్రత ఉండదు. నువోటాన్, ఐటీఈ వంటి కంపెనీల పర్యవేక్షక చిప్పు బోర్డు మీది సెన్సార్లనుంచి సమాచారం సేకరించి వేర్వేరు పేర్లతో చూపుతుంది. వాటిలో చూడవలసినవి నాలుగు.

మొదటిది బోర్డు సాధారణ ఉష్ణోగ్రత, ‘సిస్టమ్’ లేదా ‘మదర్‌బోర్డ్’ అన్న పేరుతో కనిపించేది. ఇది దాదాపుగా క్యాబినెట్ లోపలి గాలి వేడి. గది కంటే పది, పదిహేను డిగ్రీలు ఎక్కువ ఉంటే సరే. అంతకు మించితే క్యాబినెట్‌లోంచి వేడి గాలి బయటకు పోవడం లేదని అర్థం.

రెండోది వీఆర్‌ఎం. కంప్యూటర్‌కు విద్యుత్తు అందించే ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒక వోల్టు చుట్టుపక్కలకు దించే భాగం ఇది, సాకెట్ పక్కన ఉంటుంది. 230 వాట్లను ఒక వోల్టు చొప్పున పంపాలంటే 200 ఆంపియర్ల పైగా కరెంటు పారాలి. ఆ పనిలో వీఆర్‌ఎం కూడా వేడెక్కుతుంది. ఇందులోని భాగాలు వంద డిగ్రీల పైన కూడా పనిచేయగలవు, కానీ గంటల తరబడి సాగే రెండర్‌లో 90 లోపు ఉంటే మేలు. తక్కువ ధర బోర్డులో, హీట్ సింక్ లేని వీఆర్‌ఎంతో ఖరీదైన ప్రాసెసర్‌ను నడిపితే ప్రాసెసర్ 70 దగ్గర చల్లగా ఉన్నా వేగం పడిపోతుంది. వేగం తగ్గించమని అడుగుతున్నది బోర్డే అన్న సంగతి ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఒక్కటే చూసేవారికి తెలియదు. నీళ్ల కూలర్ పెట్టిన యంత్రాల్లో ఇది ఎక్కువ, ఎందుకంటే సాకెట్ దగ్గర గాలి తోలే ఫ్యాన్ ఉండదు.

మూడోది చిప్‌సెట్. సాధారణంగా 50 నుంచి 70 మధ్య ఉంటుంది, దాని పరిమితి దీనికి చాలా పైన. ఏఎండీ ఎక్స్570 బోర్డుల్లో చాలావాటికి ఈ చిప్పు మీద చిన్న ఫ్యాన్ ఉంటుంది. పెద్ద గ్రాఫిక్స్ కార్డు దాన్ని కప్పేస్తే వేడి పెరుగుతుంది.

నాలుగోది ఎం.2 ఎస్‌ఎస్‌డీ. వీడియో రష్ కాపీ చేసేటప్పుడు, పెద్ద ఫైళ్లు వరుసగా రాసేటప్పుడు ఇది త్వరగా వేడెక్కుతుంది. చాలా మోడళ్లు 70 నుంచి 85 డిగ్రీల మధ్య వేగం తగ్గించుకుంటాయి. బోర్డుతో వచ్చిన రేకు బిగించి, దాని అడుగున ఉన్న ప్లాస్టిక్ పొర తీసేస్తే చాలావరకు సమస్య తీరుతుంది.

వీటితో పాటు అర్థంలేని అంకెలు కూడా జాబితాలో కనిపిస్తాయి. పర్యవేక్షక చిప్పుకు ఉన్న ఇన్‌పుట్‌లన్నిటికీ బోర్డు తయారీదారు సెన్సార్ కలపడు. ఖాళీగా వదిలేసిన ఇన్‌పుట్ 127 డిగ్రీలనో, మైనస్ అంకెనో చూపుతుంది. ‘ఆక్స్‌టిన్’ అన్న పేరుతో వచ్చే అంకెలు తరచు ఈ కోవవే. నిజమైన సెన్సార్‌ను గుర్తించడానికి సులువైన మార్గం ఉంది. భారం పెట్టినప్పుడు పెరిగి, తీసేశాక నెమ్మదిగా తగ్గితే అది నిజం. ఏం చేసినా కదలకుండా ఉంటే, లేదా కారణం లేకుండా గెంతుతుంటే దాన్ని వదిలేయాలి.

గది, ఏసీ, ఎండాకాలం

హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రులు 15 డిగ్రీల దరిదాపులకు దిగుతాయి. మే మధ్యాహ్నాలు 40 దాటుతాయి. నగరంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు. చలికాలంలో బిగించి, బాగుందనుకున్న యంత్రం ఏప్రిల్‌లో నెమ్మదించడానికి ఈ తేడాయే మూలం.

ఎడిటింగ్, డబ్బింగ్ గదులకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. చప్పుడు బయటకు పోకుండా, లోపలికి రాకుండా కిటికీలు మూసి గోడలకు మెత్త వేస్తారు. శబ్దాన్ని ఆపే గది గాలినీ ఆపుతుంది. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న గదిలోని గాలి 50 కిలోల పైచిలుకు ఉంటుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, మానిటర్లు కలిసి 600 వాట్లు వదిలితే, గోడలు, సామాను ఏమీ పీల్చుకోవనుకుంటే, ఒకటిన్నర నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున గాలి వేడెక్కాలి. గోడలు పీల్చుకోవడం వల్ల అసలు పెరుగుదల ఇంతకంటే నిదానం. కరెంటు పోయినప్పుడు దీని ప్రభావం తెలుస్తుంది. యూపీఎస్ కంప్యూటర్‌ను నడుపుతూనే ఉంటుంది, ఏసీ ఆగిపోతుంది. జనరేటర్ లైన్‌లో ఏసీ లేని గదిలో రెండర్ కొనసాగితే వేడి అంతా లోపలే పోగవుతుంది.

ఏసీ ఎంపికకూ ఇదే లెక్క పనికివస్తుంది. ఒక టన్ను ఏసీ తీసేసే వేడి సుమారు 3,500 వాట్లు. ఒక్కోటి 500 వాట్లు వాడే పది రెండర్ యంత్రాలున్న గదికి యంత్రాల కోసమే ఒకటిన్నర టన్ను కావాలి. మనుషుల వేడి, ఎండ, దీపాల లెక్క దీనికి అదనం.

గది చల్లగా ఉన్నా యంత్రం వేడెక్కే సందర్భం మరొకటి ఉంది. క్యాబినెట్‌ను బల్ల కింది అరలో పెట్టి తలుపు వేస్తే ఏసీ చల్లదనం దానికి అందదు. తాను వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. అందుకే గది ఉష్ణోగ్రతను ఏసీ రిమోట్ మీది అంకెతో కాక, క్యాబినెట్ ముందు ఫ్యాన్ దగ్గర పెట్టిన చిన్న థర్మామీటర్‌తో కొలవాలి.

కొత్త యంత్రాన్ని కొలిచే పద్ధతి

ముందుగా బయోస్‌ను తాజా రూపానికి మార్చాలి. ఇది వేడితో నేరుగా ముడిపడిన పని. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని, అవసరానికి మించిన వోల్టేజీ అందడం వల్ల అస్థిరమవుతున్నాయని 2024లో తేలింది. ఆ ఏడాది ఆగస్టు నుంచి ఇంటెల్ దిద్దుబాటు మైక్రోకోడ్‌ను బయోస్‌ల ద్వారా అందించి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. 2023లో రైజెన్ 7000 ఎక్స్‌3డి ప్రాసెసర్లు కొన్ని బోర్డుల్లో కాలిపోవడంతో ఏఎండీ ఎస్‌ఓసీ వోల్టేజీకి 1.3 వోల్టుల హద్దు పెట్టింది. ఆ హద్దూ కొత్త బయోస్‌తోనే వచ్చింది.

తరువాత హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి పర్యవేక్షక సాఫ్ట్‌వేర్ తెరచి పదిహేను నిమిషాలు యంత్రాన్ని ఖాళీగా ఉంచాలి. ప్రతి అంకెకూ ప్రస్తుతం, కనిష్ఠం, గరిష్ఠం, సగటు అన్న నాలుగు నిలువు వరుసలుంటాయి. ఖాళీ స్థితిలో గరిష్ఠాన్ని చూడకూడదు. విండోస్ వెనుక ఏదో చిన్న పని చేసినా అది ఒక్క క్షణం పైకి వెళ్తుంది. సగటు చూడాలి. గది కంటే పది నుంచి ఇరవై డిగ్రీలు ఎక్కువ ఉంటే చాలు. రైజెన్ ప్రాసెసర్లలో ఇంకాస్త ఎక్కువ ఉన్నా కంగారు పడనక్కరలేదు.

ఆపై సినీబెంచ్ వంటి పరీక్షను అరగంట పాటు నడపాలి. గాలి కూలర్ పది నిమిషాల్లో స్థిరపడుతుంది. నీళ్ల కూలర్‌లో ద్రవం వేడెక్కడానికి ఇంకా సమయం పడుతుంది కాబట్టి మొదటి ఐదు నిమిషాల అంకె దాన్ని గొప్పగా చూపిస్తుంది. ప్రైమ్95 అన్న పరీక్ష మామూలు పనిలో రానంత భారం పెడుతుంది. కూలర్ హద్దు తెలుసుకోవడానికి అది సరే గానీ, దాని అంకెను రోజువారీ అంకెగా తీసుకోకూడదు. చివరిగా అసలు పనినే, ఒక నిజమైన రెండర్‌ను గానీ ఎక్స్‌పోర్ట్‌ను గానీ, పూర్తిగా నడిపి చూడాలి. గ్రాఫిక్స్ కార్డు కూడా పనిచేసే సందర్భం ఇదే. 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 తన వేడినంతా క్యాబినెట్‌లోకే వదులుతుంది, ఆ గాలినే ప్రాసెసర్ కూలర్ పీల్చుకుంటుంది.

ప్రతి పరీక్ష చివరా గది ఉష్ణోగ్రత, ప్రాసెసర్ వాట్లు, అన్ని కోర్ల సగటు వేగం, ప్రాసెసర్ ఉష్ణోగ్రత, వీఆర్‌ఎం ఉష్ణోగ్రత అన్న ఐదు అంకెలను తేదీతో సహా రాసి ఉంచాలి. యంత్రం ఉన్నంత కాలం పోల్చడానికి ఇదే ఆధారం.

వేడి ఎక్కువైతే వెతకవలసిన కారణాలు

పరీక్ష మొదలైన ఒకటి రెండు సెకన్లలోనే, తక్కువ వాట్ల వద్దే ప్రాసెసర్ పరిమితిని తాకితే లోపం కూలర్ కూర్చోవడంలో ఉన్నట్టు. కూలర్ అడుగున అంటించిన పారదర్శక ప్లాస్టిక్ పొర తీయకపోవడం, స్క్రూలు ఒకవైపే బిగించడం, పేస్ట్ అందకపోవడం ఇందులోకి వస్తాయి. స్క్రూలను ఎదురెదురు మూలలుగా, కొద్దికొద్దిగా బిగించాలి. కూలర్ విప్పితే పాత పేస్ట్ తుడిచి కొత్తది వేయాలి.

నీళ్ల కూలర్‌లో ఉష్ణోగ్రత ఆగకుండా పెరుగుతూ పోతే పంపు తిరగడం లేదని అనుమానించాలి. పంపును ఫ్యాన్ హెడర్‌కు తగిలించి, ఆ హెడర్‌ను నెమ్మది వేగానికి పెట్టడం తరచు జరిగే తప్పు. పంపు ఎప్పుడూ పూర్తి వేగంతో తిరగాలి. లోపలి గాలి బుడగలు పంపులోకి చేరకుండా రేడియేటర్ పైభాగం పంపు కంటే ఎత్తులో ఉండాలి.

ఉష్ణోగ్రత పది, ఇరవై నిమిషాల మీద మెల్లగా పెరిగి, బోర్డు సాధారణ ఉష్ణోగ్రత కూడా దానితో పాటు పెరిగితే లోపం క్యాబినెట్ గాలిలో ఉంది. పక్క తలుపు తీసి అదే పరీక్ష నడపడం దీనికి సూటి నిర్ధారణ. తలుపు తీయగానే ఐదారు డిగ్రీలు తగ్గితే ఫ్యాన్లు చాలడం లేదని తేలినట్టే. ముందు భాగంలో గాలి లోపలికి, వెనుక, పైన గాలి బయటకు వెళ్లాలి. ఫ్యాన్ రెక్కలకు అడ్డంగా బద్దలున్న వైపు నుంచి గాలి బయటకు వస్తుంది. ఆ వైపు చూసి అమర్చాలి. ముందంతా అద్దం ఉన్న క్యాబినెట్ చూడ్డానికి అందంగా ఉన్నా గాలికి దారి తక్కువ. జాలీ ఉన్నదే రెండర్ యంత్రానికి సరిపోతుంది.

కూలర్, గాలి రెండూ సరిగా ఉన్నా వేడి తగ్గకపోతే బోర్డు సెట్టింగులు చూడాలి. కొన్ని బోర్డులు ప్రాసెసర్ విద్యుత్ పరిమితులను ఎత్తేసి అమ్మకానికి వస్తాయి. ఇంటెల్ బోర్డుల్లో కంపెనీ సూచించిన పరిమితులు పెట్టడం, ఏఎండీ బోర్డుల్లో ఎకో మోడ్ ఎంచుకోవడం సులువైన మార్గాలు. 7950ఎక్స్‌ను 105 వాట్ల ఎకో మోడ్‌లో పెడితే సాకెట్ గరిష్ఠం 142 వాట్లకు దిగుతుంది. రెండర్ వేగంలో చాలా భాగం నిలిచి, వేడి, ఫ్యాన్ చప్పుడు, కరెంటు బిల్లు మూడూ తగ్గుతాయి. ఎడిటర్ పక్కనే కూర్చొని శబ్దం వినవలసిన గదిలో ఇది చెప్పుకోదగ్గ లాభం.

కాలం గడిచాక

జూబ్లీహిల్స్ కొండరాళ్లను తొలిచి భవనాలు కట్టే పని ఎక్కడో ఒకచోట సాగుతూనే ఉంటుంది. ఆ రాతి పొడి, రోడ్డు దుమ్ము క్యాబినెట్ జాలీల్లో, కూలర్ రేకుల మధ్య పేరుకుంటాయి. జాలీలను నెలకోసారి తుడవాలి, లోపలి భాగాలను ఏడాదికి రెండుసార్లయినా బ్లోయర్‌తో ఊదాలి. బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోవాలి, లేకుంటే అవి అతివేగంగా తిరిగి బేరింగులు పాడవుతాయి. ఈ పనికి సరైన సమయం మార్చి నెల, ఎండలు ముదరకముందు.

వేడి బోర్డు ఆయుష్షును కూడా తగ్గిస్తుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల విషయంలో పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో వాడుకలో ఉన్న స్థూల సూత్రం. ప్రాసెసర్ తన పరిమితిలో ఏళ్ల తరబడి నడవగలదు గానీ, దాని చుట్టూ ఉన్న బోర్డు, ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ చల్లని క్యాబినెట్‌లోనే ఎక్కువ కాలం నిలుస్తాయి.

ఆరు నెలలకోసారి మొదటి రోజు చేసిన పరీక్షనే మళ్లీ చేసి, గది ఉష్ణోగ్రతను తీసివేసి ఉష్ణ నిరోధాన్ని పాత అంకెతో పోల్చాలి. వేసవిలో ప్రాసెసర్ అంకె పెరిగి నిరోధం మారకపోతే యంత్రంలో ఏ లోపమూ లేదు, గదిని చల్లబరిస్తే చాలు. నిరోధమే పెరిగితే మొదట దుమ్ము, తరువాత ఎండిపోయిన పేస్ట్, నీళ్ల కూలర్ అయితే పంపు, ఈ వరుసలో చూడాలి. ఉష్ణోగ్రత పరిమితి దగ్గరే నిలిచే ప్రాసెసర్లలో అదే పోలికను వాట్లతోనూ వేగంతోనూ చేయాలి.